క్రాస్ బిట్ పెరట్లో గార్డెన్ వేయించాం: పనికి ఐదు స్టార్లు, మొక్కలకి రెండు

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా పెరడు మొత్తం క్రాస్ బిట్, ఒక పక్క 22 అడుగులు ఉంటే రెండో పక్కకి వచ్చేసరికి 4 అడుగులే, చివరంతా సూదిమూల. ఊళ్ళోనే ఓ నర్సరీ వాళ్ళకి పని ఇచ్చాం, కింద తిట్టేది కూడా ఉంది కాబట్టి పేరు రాయట్లేదు.

ముందు మంచి చెప్తా. వాళ్ళ మేస్త్రి పెద్దాయన, త్రీడీలు గీడీలు ఏం చూపించలేదు, ముగ్గుపిండితో నేల మీదే గీసేశాడు. నేను గోడ వెంబడి బాట వెయ్యమంటే "ఏటమ్మా, గోడ పట్టుకుని బాటేస్తే వంకర ఇంకా తెలిసిపోద్ది, ఇంటిని పట్టుకుని ఎయ్యాల" అన్నాడు. అన్నట్టే వంటింటి తలుపుకి తిన్నగా కడప రాళ్ళు పరిచి మధ్యలో రాతి చిప్స్ పోసి, బాటకీ ఆ వంకర గోడకీ మధ్య మిగిలిన ముక్కోణాలన్నీ మడులు చేసేశాడు, మడి ఒకచోట వెడల్పు ఒకచోట సన్నం ఉన్నా మొక్కలు గుబురుగా వచ్చాక గోడ ఎటు పోతుందో అసలు కనపడట్లేదు. మా అత్తయ్య కూడా ఈశాన్యం, నైరుతి అని ఏదో మొదలెట్టబోయి ఆగిపోయారు, అది మామూలు విషయం కాదు! సూదిమూలలో కంపోస్టు గొయ్యి, దాని ముందు అరటి, బట్టలుతికిన నీళ్ళు అటే పోతాయి. మునగ అడిగితే గాలికి విరుగుద్ది వద్దన్నాడు, 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినోళ్ళకి అది వేరే చెప్పాలా. సముద్రం గాలి కొట్టే పక్క గన్నేరు, కాగితం పూలు పెట్టాడు, ఉప్పు గాలికి అవి తట్టుకుంటాయి.

ఇంక లాన్ సంగతి. నర్సరీ ఆఫీసు నుంచి వచ్చినాయన మెక్సికన్ గడ్డి బాగుంటుందని ఒకటే పోరు, మేస్త్రి వద్దని గొణుగుతున్నా వినలేదు. పక్క అపార్ట్‌మెంట్ నీడ మాకు సగం రోజు ఉంటుంది, ఆ గడ్డికేమో నేరుగా ఎండ ఐదారు గంటలైనా పడాలి, పైగా కింద ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్ళలు తియ్యకుండానే పైన ఎర్రమట్టి, కాస్త గెత్తం పోసి పరిచేశారు, నీళ్ళు దిగక పసుపు పచ్చగా అయిపోయింది. దానికి బిల్లు మాత్రం అడుగుల లెక్కన పూర్తిగా తీసుకున్నారు. మొక్కలు కూడా కడియం నర్సరీల సరుకే, కానీ అదే సైజు ముద్దమందారం బయట చాలా తక్కువకి దొరుకుతోంది. చచ్చిపోయిన నందివర్ధనం మారుస్తామన్నారు, ఇప్పుడు ఫోనెత్తట్లేదు.

ఇలాంటి వాళ్ళకి బాట, మడుల పని ఒక్కటే ఇచ్చి మొక్కలు మీరే తెచ్చుకోండి, లాన్ అంటే ముందు మీ పెరట్లో ఎండ ఎంతసేపు ఉంటుందో చూస్కోండి. నేనైతే మళ్ళీ పిలుస్తా గానీ, ఆ పెద్దాయన్నే పంపుతామంటేనే.