పాత 1210 లారీ వెనక యాక్సిల్, జాయింట్లు: చాలా ఏళ్ల వాడకం తర్వాత

ముందే తీర్పు చెప్పేస్తాను. పాత టాటా 1210 వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య గేరు పళ్లుండే ఇనప పెట్టె) మహా మొండిది. దాని చుట్టూ ఉన్న చిల్లర సామానే మనల్ని ఆటోనగర్ చుట్టూ తిప్పుతుంది: ఇంజన్ తిప్పుడుని వెనక్కి చేర్చే షాఫ్టు జాయింట్లలోని కూడలి ముక్కలు (క్రాసులు), ఆ షాఫ్టుని నడుమ మోసే సెంటర్ బేరింగు, ఆయిల్ సీళ్లు, హౌసింగ్‌కి గాలి ఆడే బ్రీదరు, యాక్సిల్‌ని కమాన్ కట్టకు బిగించే యూ బోల్టులు. వెనక నుంచి చప్పుడు రాగానే "క్రౌన్ పోయింది" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. క్రౌన్ అంటే హౌసింగ్ లోపలి పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్నది పినియన్.

మాది నాన్నగారి కాలంలో విశాఖ పోర్టు కిరాయిలకు తిరిగిన లారీ. టాటా వాళ్లు మెర్సిడెస్ బెంజ్‌తో 1954లో మొదలుపెట్టిన ఒప్పందం 1969లో ముగిసింది. ముందు జాలీ మీద బెంజ్ నక్షత్రం పోయి టాటా వారి 'టీ' వచ్చాక తయారైన బండి ఇది. ఇప్పుడు దానికి బరువు పని లేదు. పాత రోజులు చూపించే సినిమా షూటింగులకు బీచ్ రోడ్డుకీ, భీమిలికీ వెళ్తుంది. వీలైనప్పుడు ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కిస్తాను. యాక్సిల్‌ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు. షూటింగులో రెండు గజాలు ముందుకి, రెండు గజాలు వెనక్కి, పూటంతా ఇదే తంతు. లైనులో ఎక్కడ లూజున్నా టక్కుమని బయటపడుతుంది. ఘాట్‌లో ఎక్కేటప్పుడు క్రౌన్ పళ్లకు ఒక పక్క, దిగేటప్పుడు రెండో పక్క ఒత్తిడి పడుతుంది కాబట్టి మోత సంగతి అక్కడ తేలుతుంది.

టక్కు శబ్దం గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు తగలేసేది అక్కడే. క్లచ్ వదలగానే, లేదా యాక్సిలరేటర్ తీసి మళ్లీ తొక్కగానే కింద టక్ అంటుంది. మేస్త్రీ కిందకి దూరి పినియన్ ఫ్లాంజ్‌ని (షాఫ్టు వచ్చి బిగిసే బిళ్లని) చేత్తో అటూ ఇటూ తిప్పి, "ఇంత ప్లే ఉంది, క్రౌన్ అయిపోయింది" అంటాడు. ఇక్కడో లెక్క ఉంది. మా బండిలో ఉన్నది 6-41 జత, అంటే పినియన్‌కి 6 పళ్లు, క్రౌన్‌కి 41. చక్రం ఒక చుట్టు తిరగాలంటే షాఫ్టు 6.83 చుట్లు తిరగాలి. చక్రాన్ని తిప్పే యాక్సిల్ రాడ్డు చివర పళ్లలో వెంట్రుకవాసి అరుగుదల ఉన్నా పినియన్ దగ్గరికొచ్చేసరికి అది దాదాపు ఏడింతలై కనిపిస్తుంది. ఫ్లాంజ్ ఊగుతోందంటే తప్పంతా క్రౌన్‌దే అనడానికి లేదు.

ఆటోనగర్‌లో మా బండి చూసే పెద్దాయన ఈ విషయంలో కచ్చితం. "ముందు జాయింట్ సూద్దాం బాబూ, హౌసింగ్ ఎక్కడికీ పారిపోదు" అంటారు. ఆయన వరస ఇది. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వదిలెయ్యాలి. షాఫ్టుని క్రాస్ దగ్గర పట్టుకుని తిప్పడం కాదు, పైకీ కిందకీ ఎత్తి చూడాలి. అక్కడ కదలిక ఉంటే క్రాస్ పోయినట్టే. క్రాస్ చివర్ల మీద ఉండే బేరింగు కప్పు అంచున ఎర్రటి పొడి కనిపిస్తే గ్రీజు అందక సూది బేరింగులు తుప్పు పట్టి పొడి అవుతున్నాయని అర్థం. తర్వాత షాఫ్టు పొడవు సర్దుకునేలా జారే స్లిప్ జాయింట్ పళ్లు, ఆ తర్వాత సెంటర్ బేరింగు రబ్బరు. ఇవన్నీ బాగున్నాకే ఆయన చెయ్యి యూ బోల్టుల మీదకి పోతుంది. బోల్టులు వదులై కమాన్ కట్ట (స్ప్రింగు పట్టీల కట్ట) మీద యాక్సిల్ కాస్త ఒరిగినా అదే టక్, అచ్చం అదే చోటు నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కమాన్ సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగి లారీ వంకరగా నడుస్తుంది. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి వరకు రెండు పక్కలా టేపు పెట్టి కొలిస్తే తేలిపోతుంది.

ఈ యాక్సిల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఫుల్ ఫ్లోటింగ్ పద్ధతి. బండి బరువంతా హబ్ (చక్రం నడిమి భాగం) బేరింగుల మీదే ఉంటుంది, యాక్సిల్ రాడ్డు పని తిప్పడం వరకే. అందుకని చక్రం ఊడదీయకుండా, జాకీ కూడా ఎత్తకుండా, హబ్ మీది నట్లు విప్పి రాడ్డుని బయటకు లాగేయొచ్చు. దాని పళ్లు అరిగాయా, మెలి తిరిగాయా వెలుతురులో పట్టుకుని చూసుకోవచ్చు. రాడ్డు విరిగిన బండిని గుర్తుపట్టడమూ తేలికే. ఏ గేరు వేసినా షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, లారీ మాత్రం అంగుళం కదలదు. రెండు రాడ్లూ తీసేసి, బండి నిలబడే ఉండగా గేరులో ఇంజన్ నడిపితే హౌసింగ్ లోపలి బేరింగుల గరగర విడిగా వినిపిస్తుంది. ఆ గరగర లేదంటే హబ్ వైపు చూడాలి. రాడ్లు తీశాక గేరులో ఉన్నా బండి ఆగదు, చెక్కలు మరిచిపోతే ప్రాణం మీదకొస్తుంది.

ఇక మోత. ఎక్సిలరేటర్ తొక్కినప్పుడే ఊళ వేసి, వదలగానే మారిపోతే పినియన్ బేరింగు గానీ, క్రౌన్-పినియన్ పళ్ల కలయిక గానీ అనుమానించాలి. తొక్కినా వదిలినా ఒకేలా గురగురమంటే ఏదో ఒక బేరింగు. మలుపుల్లోనే వినిపిస్తే డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) లోపలి చిన్న పళ్లో, చక్రం బేరింగో. మా బండి ఎక్కేటప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ఘాట్‌లో దముకు దగ్గర దిగేటప్పుడు సన్నగా ఏడిచేది. హౌసింగ్ విప్పడం నిజంగా అవసరమైంది అప్పుడే. పినియన్ బేరింగు వదులైంది, పళ్లు బాగానే ఉన్నాయి. బేరింగు మార్చి, సందు సర్దే పల్చటి రేకులు (షిమ్ములు) సరిచేసి, పళ్లకు ఎర్రరంగు పూసి తిప్పి, తాకిన అచ్చు పంటి నడుమ పడేదాకా పెద్దాయన వదల్లేదు. క్రౌన్, పినియన్ జతగా అరిగిన సామాన్లు, ఒకటి మార్చి ఒకటి ఉంచకూడదు. 6కీ 41కీ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు కాబట్టి ప్రతి పినియన్ పన్నూ ప్రతి క్రౌన్ పన్నునూ తాకుతూ అరుగుదల సమానంగా పంచుకుంటాయి. పాత జత అంతకాలం నిలవడానికి ఇదీ ఒక కారణం.

వణుకు విషయంలో ఒక్కటే చూడండి. స్లిప్ జాయింట్ విప్పి బిగించేటప్పుడు రెండు యోకులూ (క్రాస్‌ని పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరుసలో ఉండాలి. బాణం గుర్తులుంటాయి, లేకపోతే విప్పకముందే సుద్దముక్కతో గీసుకోవాలి. కోణంలో తిరిగే క్రాస్ జాయింటు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది, రెండోది సరైన వరుసలో, అదే కోణంలో ఉంటేనే దాన్ని సర్దుతుంది. ఒక పన్ను జరిగినా ఫ్లోరు వణుకుతుంది, జనం టైర్లు మారుస్తుంటారు.

ఫిర్యాదులు లేకపోలేదు. విశాఖ ఉప్పుగాలికి బ్రీదరు త్వరగా మూసుకుపోతుంది. హౌసింగ్ వేడెక్కితే లోపలి గాలి బయటికి దారి లేక ఆయిల్‌ని సీళ్ల మీదుగా తోసి బ్రేకు లైనర్లు తడిపేస్తుంది. కొత్త సీలు వేసినా మళ్లీ కారుతోందంటే ముందు బ్రీదరు విప్పి ఊదండి. ఆయిల్ కూడా నింపే రంధ్రం కింది అంచు దాకానే, దాటితే అదీ కారుతుంది. వేడి హౌసింగ్‌తో వాన నీళ్లలోకి దిగితే లోపలికి నీరు పీల్చుకుంటుంది, డ్రెయిన్ చేస్తే ఆయిల్ మజ్జిగలా వస్తుంది. అలాంటి వాన తర్వాత ఈపీ 90 గేరు ఆయిల్ మార్చడం మానలేదు. డ్రెయిన్ ప్లగ్గుకి సన్నటి నల్ల ముద్ద అంటుకుంటే భయం లేదు, రేకు ముక్కలు వస్తే లారీ అక్కడే ఆపాలి.

వేగం కోరుకునేవాళ్లకి 6-41 నచ్చదు. ఘాట్‌కి ఏనుగు, 16వ నంబరు హైవే మీద మాత్రం ఇంజన్ అరుస్తుంటే ఆటోలు దాటిపోతాయి. 6-37 వేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. అదే ఇంజన్ వేగానికి సుమారు పదకొండు శాతం ఎక్కువ పరుగు వస్తుంది నిజమే, ఎత్తు మీద ఆ మేరకు లాగుడూ తగ్గుతుంది. నేను మార్చలేదు.

విడిభాగాల్లో సీళ్లు, బేరింగులు, యూ బోల్టులు ఇప్పటికీ ఆటోనగర్‌లో దొరుకుతున్నాయి. క్రాసులే తలనొప్పి. చవక రకం కొన్నిటిలో సూదులు మెత్తన, కొద్ది నెలల్లోనే క్రాస్ చివర్ల మీద గీతలు పడతాయి. కొనేముందు కప్పు తీసి చూడండి, బిగించాక నాలుగు కప్పుల్లోంచీ గ్రీజు బయటికి రావాలి. మూడింట్లోంచే వస్తే ఆ క్రాస్ విప్పి మళ్లీ బిగించమనండి.