సర్కారు తుమ్మ మొద్దులకు ఏది మేలు: ట్రాక్టర్ గొలుసా, జేసీబీనా, గునపమా?

బీడు బాగు చేయించేవాళ్లలో చాలామంది ముందు కూలీలను పెట్టి కంపను నేలమట్టంగా కొట్టిస్తారు. కట్టె బట్టీకి పోతుంది. మొద్దుల సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది. అప్పటికి ట్రాక్టర్‌తో తీసే వీలు దాదాపు పోయినట్టే. గొలుసు వేయడానికి పట్టు దొరకదు, దొరికినా వేరును తిప్పేంత బలం రాదు. ఇక జేసీబీని పిలవక తప్పదు. అందుకే దేనితో తీయించాలన్నది గొడ్డలి పట్టకముందే తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి చూడాల్సినవి మూడు: అది ఏ చెట్టు, ఎంత లావు, ఎకరాకు ఎన్ని ఉన్నాయి.

ముందు చెట్టు సంగతి

సర్కారు తుమ్మ మన నేల చెట్టు కాదు. వంటచెరకు కోసమని అమెరికా ఖండం నుంచి విత్తనం తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇప్పుడు రాయలసీమలో ఉత్త ‘కంప’ అంటే చాలు, అదే. దీన్ని నేలమట్టంగా నరికితే చావదు, వాన పడిన కొన్ని వారాలకే మొద్దు చుట్టూ గుత్తులుగా చిగురిస్తుంది. అయితే ఆ చిగుళ్లు పుట్టే కళ్లన్నీ కాండం మొదట్లో, మట్టికి కాస్త కిందుగా ఉంటాయి. లోతున తెగి మిగిలిపోయిన వేరు ముక్క మళ్లీ మొలవదు. కాబట్టి నేలకు అడుగు లోతున తెగిపోయేలా తీస్తే చాలు, తల్లివేరు మొత్తం రావాల్సిన పని లేదు. ఈ ఒక్క సంగతి తెలియక మూడు నాలుగు అడుగుల గుంతలు తవ్వించి డబ్బు పోసేవాళ్లు ఊరికొకరుంటారు.

కానుగ, మోదుగ ఇందుకు విరుద్ధం. వాటికి పక్కవేళ్ల నుంచి కూడా పిలకలు వస్తాయి. మొద్దు ఒక్కటే తీస్తే చుట్టూ పది మొక్కలు లేస్తాయి. వేప కూడా మెట్ట నేలల్లో అప్పుడప్పుడూ ఇలాగే చేస్తుంది. జామాయిల్, సుబాబుల్ మొద్దు నుంచి మాత్రమే చిగురిస్తాయి. తాటి, కొబ్బరి నరికితే మళ్లీ రావు. వాటి మొద్దు దున్నకానికి అడ్డం కాకపోతే వదిలేయండి, అదే కుళ్లిపోతుంది.

చట్టం గురించి ఒక మాట. 2002 నాటి వాల్టా చట్టం నీళ్లతో పాటు చెట్ల నరికివేతనూ పట్టించుకుంటుంది. కంపతో కలిపి గట్టు మీది వేపనో చింతనో కొట్టించాలనుకుంటే ముందు అటవీ శాఖ వాళ్లను అడగండి.

మణికట్టు లావు వరకు: గునపమే చవక

రెండు అంగుళాల లోపు మొక్కలకు యంత్రం దండగ. వాన పడిన మూడో రోజు, పదును ఉండగా, గునపంతో ఒక పక్క వదులు చేసి లాగితే వేరుతో సహా వస్తుంది. ఎండు నేలలో ఇదే పని చేస్తే కాండం మొదట్లో పుటుక్కున తెగుతుంది, కళ్లు భూమిలోనే ఉండిపోతాయి.

రెండు నుంచి మూడు అంగుళాలుంటే ట్రాక్టర్ లిఫ్టు వాడొచ్చు. 45, 50 హెచ్‌పీ ట్రాక్టర్ల హైడ్రాలిక్ సాధారణంగా 1500 నుంచి 2000 కిలోల దాకా ఎత్తుతుంది. ట్రాక్టర్‌ను మొద్దు దగ్గరికి వెనక్కి పెట్టి, లోయర్ లింకుల (లిఫ్టుతో పాటు లేచే కింది రెండు చేతుల) మధ్య పట్టీకి గొలుసును పొట్టిగా, నిలువుగా కట్టి, బండి కదపకుండా లివర్ మెల్లగా ఎత్తాలి. ముందు చక్రాలు లేస్తున్నాయనిపిస్తే వెంటనే దించేయాలి. లిఫ్టులో గొలుసు ఉండగా బండిని ముందుకు పోనివ్వడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఎందుకో కింద చెప్తాను.

మూడు నుంచి ఆరు అంగుళాలు: గొలుసు పని

ట్రాక్టర్‌కు అసలు పని ఇక్కడ. ఎకరాకు ఇరవై, ముప్పై చెట్లు విడివిడిగా ఉంటే దీన్ని మించింది లేదు. ఊళ్లో బండి ఉంటుంది, నేల పెద్దగా పాడవదు, గుంత చిన్నది.

చెట్టును మొదలంటా నరకకుండా కొమ్మలు మాత్రం కొట్టి, నాలుగు అడుగుల మోడు నిలబెట్టాలి. ఒకే మొదట్లో నాలుగైదు కాండాలుంటే లావుపాటిది ఉంచి మిగతావి తీసేయాలి. కొట్టిన కంపను అక్కడే వదలొద్దు. ఆ ముల్లు ముందు టైర్లలో దిగితే ఆ పూట పని అంతటితో సరి. దారి శుభ్రం చేశాకే బండి చేలోకి రావాలి.

తర్వాత మొద్దు చుట్టూ అడుగున్నర దూరంలో, అడుగు లోతున మట్టి తీయాలి. పక్కవేళ్లు కనిపిస్తాయి. ఇక్కడ చాలామంది ట్రాక్టర్ వైపు వేళ్లు నరుకుతారు, అది పొరపాటు. మోడును లాగినప్పుడు బిగుసుకుని పట్టేవి అవతలి వైపు వేళ్లు. ఇవతలి వైపువి ఊరికే మడత పడతాయి. కాబట్టి ముందు అవతలివి, ఆ తర్వాత రెండు పక్కలవి కొట్టాలి. నరికే చోట వేరు మీద మట్టి తుడవండి, ఇసుక తగిలితే గొడ్డలి పదును పది దెబ్బలకే పోతుంది. నేల గట్టిగా ఉంటే ముందు రోజు సాయంత్రం ఆ గుంతలో పది పదిహేను బిందెల నీళ్లు పోస్తే తెల్లారేసరికి సగం పట్టు వదులుతుంది.

గొలుసును మోడుకు పైన, మూడున్నర నాలుగు అడుగుల ఎత్తున రెండు చుట్లు వేసి కొక్కెం తగిలించాలి. జారకుండా వెనక వైపు చిన్న గాటు పెట్టాలి. అరడుగు ఎత్తున కట్టి లాగడానికీ, నాలుగు అడుగుల ఎత్తున కట్టి లాగడానికీ వేరు మీద పడే బలంలో ఇంచుమించు మూడు రెట్లు తేడా ఉంటుంది. రెండు టన్నుల ట్రాక్టర్ పొడి నేల మీద తన బరువులో సగానికి కాస్త ఎక్కువే లాగగలదు, చక్రం జారితే అదీ రాదు. అందుకే బండి బలం కంటే ఈ ఎత్తు ముఖ్యం.

గొలుసు ట్రాక్టర్‌కు ఎక్కడ కట్టాలన్నది ప్రాణానికి సంబంధించిన విషయం. బండి వెనక కింద ఉండే డ్రాబార్‌కే (బరువులు లాగడానికి వాడే ఇనుప పట్టీకే) కట్టాలి. టాప్ లింకుకో, యాక్సిల్‌కో, పైకెత్తి ఉన్న లోయర్ లింకులకో కట్టి లాగితే మోడు కదలదు, వెనక చక్రం తిరగదు, ఇంజన్ బలమంతా బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ముక్కాలు సెకనులో తిరిగి దింపలేని స్థితికి వస్తుంది, ఒకటిన్నర సెకనులో వెల్లకిలా పడుతుంది. క్లచ్ తొక్కాలని డ్రైవర్‌కు తట్టే లోపే అయిపోతుంది. మన ట్రాక్టర్లకు చాలావాటికి డ్రాబార్ విప్పేసి మూల పడేసి ఉంటుంది. ఈ పనికి దాన్ని వెతికి బిగించుకోండి.

గొలుసు ఇరవై అయిదు అడుగులకు తగ్గకూడదు, మోడు పడితే బండి మీదికి రాకూడదు కదా. గ్రేడ్ 80 రకం, 10 మిల్లీమీటర్లది అయితే 3 టన్నులకు పైగా పనిభారం మోస్తుంది. పశువులకు కట్టే మామూలు ఇనుప గొలుసు ఇందుకు పనికిరాదు. నైలాన్ తాడు అంతకంటే ప్రమాదం. అది సాగి, తెగినప్పుడు వడిసెల రాయిలా వెనక్కి కొడుతుంది. గొలుసు నడుమ తడి గోనెసంచి ఒకటి వేస్తే తెగినా ఎగరదు. లాగేటప్పుడు చుట్టూ మనుషులు ఉండకూడదు, ఉంటే గొలుసు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి.

లో గేర్‌లో మొదటిది వేసి, గొలుసు బిగిసేదాకా మెల్లగా పోయి, అప్పుడు బలం పెంచాలి. డిఫరెన్షియల్ లాక్ వేస్తే నేరుగానే లాగాలి, స్టీరింగ్ తిప్పకూడదు. చక్రం జారడం మొదలైతే ఆపేయండి. ఇంకా తిప్పితే గుంత పడుతుంది తప్ప మోడు రాదు. వెనక్కి వచ్చి మళ్లీ జోరుగా ఉరికించే అలవాటు ఉంది చూశారూ, గొలుసులు తెగేదీ, క్లచ్ ప్లేట్లు కాలేదీ దానితోనే. క్లచ్ ప్లేటు మార్చాలంటే బండిని రెండుగా విడదీయాలి, ఆ ఖర్చుతో జేసీబీ ఒక పూట వచ్చిపోతుంది. రాని మోడును అటు పక్క నుంచి ఒకసారి, ఇటు పక్క నుంచి ఒకసారి లాగి ఊపాలి. పక్కకు ఒరిగాక తల్లివేరు కనిపిస్తుంది. అక్కడ నాలుగు గొడ్డలి దెబ్బలు వేస్తే అయిపోతుంది. అడుగు లోతు కింద తెగిందా లేదా అన్నది ఒక్కటి చూసుకోండి.

ముందే నేలమట్టంగా కొట్టేసిన మొద్దులకు ఒక ఉపాయం ఉంది. పాత టైరు డిస్కును మొద్దు పక్కన నిలబెట్టి, మొద్దుకు కట్టిన గొలుసును దాని మీదుగా పోనిచ్చి లాగితే అడ్డంగా లాగే బలం పైకి ఎత్తే బలమవుతుంది. నాలుగు అంగుళాల దాకా పనిచేస్తుంది, ఆపైన డిస్కే మట్టిలోకి దిగిపోతుంది.

ట్రాక్టర్ ముందు డోజర్ పెట్టి నెడితే?

వేగంగా పోతుంది గానీ కంపకు సరిపడదు. నెట్టినప్పుడు వేరు ముద్ద లేచి ముందు యాక్సిల్ కిందికి వస్తుంది, ఆయిల్ చాంబర్‌కు తగులుతుంది. ముళ్ల కొమ్మలు రేడియేటర్ జాలీలో దూరతాయి. ఎండిన కాండమైతే విరిగి డ్రైవర్ మీదికే వస్తుంది. నెట్టడం ఎక్కువసార్లు కాండాన్ని నేల దగ్గర విరిచేస్తుంది, చిగురించే భాగం లోపలే మిగులుతుంది.

ఆరు అంగుళాలు దాటితే, లేదా వందల్లో ఉంటే: జేసీబీ

తొడ లావు మొద్దుతో ట్రాక్టర్ కుస్తీ పట్టాల్సిన పని లేదు. జేసీబీ వెనక బకెట్ పళ్లను మొద్దుకు అడుగు దూరంలో దించి ఒక పక్క వేళ్లు తెంపి, ఎదుటి పక్క నుంచి కిందికి దూర్చి ఎత్తితే పది నిమిషాల్లో బయట పడుతుంది. పక్కవేళ్లు కూడా రావాల్సిన కానుగ, మోదుగలకు ఇదే మంచిది.

జామాయిల్ తోట కొట్టేసిన చేలకు లెక్క వేరు. 3 మీటర్లకు 2 మీటర్ల ఎడం అంటే ఎకరాకు సుమారు 670 మొద్దులు. ఒక్కోదానికి గొలుసు కట్టి విప్పుతూ కూర్చుంటే నెల పడుతుంది. జేసీబీ గంటకు 30 తీస్తుందనుకుంటే 22 గంటలు. గంటకు 1200 రూపాయలైతే ఎకరాకు 26,000 దాటుతుంది. ఈ లెక్క చూసుకున్నాకే ఆ భూమిలో ఏం వేయాలో నిర్ణయించుకోవాలి. మొద్దుకట్టె కొనేవాళ్లుంటే కొంత తిరిగి వస్తుంది, కాని వేరుకు పట్టిన మట్టి దులపకపోతే బట్టీ వాళ్లు తీసుకోరు.

గంట లెక్క కాబట్టి డ్రైవర్‌కు తొందర ఉండదు, మీకు ఉంటుంది. ముందు రోజే ప్రతి మొద్దుకూ సున్నంతో గుర్తు పెట్టండి. బోరు పైపు, డ్రిప్పు లైను పోయే దారి చూపించండి. అన్నిటికంటే ముఖ్యం: ముందు బకెట్‌తో కంపను గట్టుకు నెట్టించొద్దు. నాలుగు అంగుళాల పైమట్టి కంపతో పాటు గట్టెక్కుతుంది, చేలో మొరం తేలుతుంది. ఆ చోట రెండు మూడేళ్లు పైరు ఎదగదు. గుంతలో కూడా కింది మట్టి కిందే, పైమట్టి పైనే పడేలా పూడ్పించాలి. నల్లరేగడిలో తడి ఉండగా అంత బరువు బండి తిరిగితే నేల పలకలా గట్టిపడుతుంది, అక్కడ ఎండాకాలమే మేలు.

మందు పూస్తే పోదా?

పోతుంది, షరతులతో. పచ్చి మొద్దు మీద నరికిన కొద్ది నిమిషాల్లోనే, బెరడుకు ఆనుకున్న అంచు చుట్టూ పూయాలి. ఎండిన మొద్దు మందు పీల్చదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఆదేశించింది, కాబట్టి రైతు కొనుక్కుని పూసే పద్ధతి కాదది. కల్లుప్పు, డీజిల్ పోయడం ఇంకా ఉంది కొన్ని ఊళ్లలో. ఉప్పు మొద్దును చంపే లోపు చుట్టూ నేలను చంపుతుంది. పైగా మందుతో చచ్చినా మొద్దు అక్కడే ఉంటుంది, గొర్రు దానికే తగులుతుంది. గోడ పక్కన, పైపుల మీద తవ్వలేని చోట తప్ప చేలో దీనికి నా ఓటు లేదు.

తీశాక

పూడ్చిన గుంత మొదటి పెద్ద వానకు అరడుగు దిగుతుంది. మట్టి మళ్లీ పోయాల్సి వస్తుందని ముందే గట్టు పక్కన కొంత ఉంచుకోండి. తెగిన పక్కవేళ్లు కల్టివేటర్‌తో నిలువూ అడ్డమూ దున్నితే పైకి వస్తాయి, వాటిని ఏరించాలి. కంప విత్తనం భూమిలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. కాయలు తిన్న మేకలు, పశువులు పేడలో కొత్తది తెచ్చి పోస్తాయి. తొలకరి పడిన నెలకు ఒకసారి చేను తిరిగి, పెన్సిల్ లావుకు రాకముందే చేత్తో పీకేస్తే ట్రాక్టర్ ఊసు మళ్లీ ఉండదు. బొటనవేలు లావు వేరు ముక్క తగిలినా రోటావేటర్ బ్లేడు వంగుతుంది. అందుకని మొదటి పంటకు గొర్రుతోనే సరిపెట్టుకుని, వేళ్లన్నీ ఏరాక రెండో ఏడు రోటావేటర్ దించండి.