30 బటన్ల ఆంగ్లో కాన్సర్టీనా: విప్పి చూసి నేర్చుకోదగిన వాద్యం

ఉద్యోగరీత్యా ఐర్లండ్‌లో ఉంటూ కొనుక్కున్న 30 బటన్ల ఆంగ్లో కాన్సర్టీనాను గురించిన సమీక్ష ఇది. కాన్సర్టీనా అంటే రెండు చేతుల మధ్య తిత్తిని నొక్కుతూ, లాగుతూ, రెండు కొసలనున్న బటన్లతో వాయించే చిన్న వాద్యం. సి, జి శ్రుతుల్లో అమర్చిన ఈ వాద్యాన్ని కొత్తగా నేర్చుకునేవారి కోసమే తయారుచేస్తారు. లోపల అకార్డియన్ అనే పెద్ద తిత్తి వాద్యంలో వాడే తరహా రీడ్లు (గాలికి ఊగి పలికే సన్నని ఉక్కు నాలుకలు) ఉంటాయి. ఈ తరగతి వాద్యాలను పలు సంస్థలు ఇంచుమించు ఒకే పద్ధతిలో నిర్మిస్తున్నాయి గనుక ఇక్కడ సంస్థ పేరు కన్నా నిర్మాణాన్ని పరిశీలించడమే ప్రయోజనకరం. నా అభిప్రాయంలో ఇది కొనదగిన వాద్యం. నాదం బాగానే ఉంటుంది గానీ, అసలు కారణం అది కాదు. పక్కపలక మరలు విప్పగానే లోపలి పనితీరంతా కంటికి కనిపిస్తుంది, అది అర్థమైతే వేళ్ల సాధన సగం తేలికవుతుంది.

ఆంగ్లో పద్ధతిలో ఒకే బటన్ తిత్తిని నొక్కినప్పుడు ఒక స్వరాన్ని, లాగినప్పుడు మరొక స్వరాన్ని పలికిస్తుంది. 1834లో జర్మనీలోని కెమ్నిట్స్ నగరంలో కార్ల్ ఫ్రీడ్రిష్ ఊలిగ్ రూపొందించిన వాద్యం నుంచి వచ్చిన లక్షణమిది. మన విద్యార్థులకు వీట్‌స్టన్ బ్రిడ్జి ద్వారా తెలిసిన చార్లెస్ వీట్‌స్టన్ లండన్‌లో రూపొందించిన ఇంగ్లీష్ కాన్సర్టీనాలో అలా కాదు, ఎటు కదిపినా ఒకే స్వరం పలుకుతుంది. మనకు తెలిసిన స్వరాల్లో చెప్పాలంటే, సి వరుసలో ఎడమచేతి మూడో బటన్‌పై వేలుంచి తిత్తిని నొక్కితే షడ్జమం, లాగితే రిషభం. నాలుగో బటన్‌లో అదే క్రమంలో గాంధారం, మధ్యమం. అయిదో బటన్‌లో పంచమం, ధైవతం పలుకుతాయి. ఇంతవరకు క్రమం సాఫీగా నడుస్తుంది. నిషాదానికి వచ్చేసరికి కుడిచేతి మొదటి బటన్‌కు మారడమే కాక, ధైవతం తరువాత మళ్లీ లాగవలసి వస్తుంది. పై షడ్జమం అదే బటన్‌తో తిత్తిని నొక్కితే వస్తుంది. శంకరాభరణం ఆరోహణ పాడగలిగినవారైనా సరే, మొదట్లో ఈ మలుపు దగ్గర తడబడతారు.

ఈ ఏర్పాటును కంఠస్థం చేయడం కన్నా లోపల చూడడం మేలు. ఒక్కో బటన్ కింద ఒక మీట, దాని చివర తోలు అంటించిన ప్యాడ్, ఆ ప్యాడ్ కింద చెక్కలో ఒక రంధ్రం ఉంటాయి. బటన్ నొక్కితే ప్యాడ్ లేచి రంధ్రం తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. రంధ్రం వెనుక చిన్న గది, ఆ గదికి రెండు రీడ్లు. రీడు అంటే ఒక కొస బిగించి, రెండో కొస వదిలేసిన సన్నని ఉక్కు నాలుక. తనకన్నా వెంట్రుకవాసి పెద్దదైన చీలికలో అది ఊగుతుంది. గాలి నాలుక ఉన్న వైపు నుంచి వచ్చినప్పుడే అది పలుకుతుంది. అందువల్ల ఒక నాలుకను తిత్తి వైపు, రెండోదాన్ని దానికి ఎదురువైపు అమర్చుతారు: మొదటిది నొక్కినప్పుడు, రెండోది లాగినప్పుడు పలుకుతుంది. పలకవలసిన అవసరం లేని రీడు చీలికను సన్నని తోలు రెక్క మూసివేసి గాలి వృథా కాకుండా చూస్తుంది. 30 బటన్లకు 60 రీడ్లు ఎందుకు కావాలో దీంతో తేటపడుతుంది. మన హార్మోనియంలోనూ ఇదే జాతి రీడ్లు ఉంటాయి. అయితే అక్కడ లోపలి గాలిపెట్టె ఒత్తిడిని నిలకడగా ఉంచుతుంది. ఇక్కడ అటువంటి నిల్వ లేదు, చేతి ఒత్తిడిలోని ప్రతి మార్పూ నేరుగా రీడుకు చేరుతుంది. ఈ సున్నితత్వమే నాకు ఈ వాద్యంలో అన్నిటికన్నా ప్రియమైనది.

ఇక లోపాలు. కొత్త తిత్తి బిగుతుగా ఉండి, మొదట్లో మణికట్లను బాగా శ్రమపెట్టింది. వాడుకలో అది సర్దుకుంది. నా వాద్యంలో ఒక తోలు రెక్క వంకర తిరిగినందువల్ల ఒక స్వరం ఊపిరి కలిసినట్టు పలికేది. నాదం నిండుగా ఉన్నా, జెఫ్రీస్ వంటి పాత లండన్ తయారీదార్ల వాద్యాల్లోని పదును దీనికి లేదు. వాటిలో ఒక్కో ఉక్కు నాలుకనూ విడిగా ఒక ఇత్తడి చట్రంలో బిగించి, ఆ చట్రాన్ని చెక్కలో చెక్కిన గాడిలోకి దూరుస్తారు. అకార్డియన్ రీడ్లలో రెండు నాలుకలూ ఒకే అల్యూమినియం పలకకు అటూ ఇటూ ఉంటాయి. ఆ తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఆ పాత వాద్యాల ధర వేల పౌండ్లలో ఉంటుంది, నేర్చుకునే దశలో అంత వెచ్చించమని నేను సలహా ఇవ్వను.

ఇంకా చౌకగా దొరికే 20 బటన్ల రకం మాత్రం వద్దు. ఐరిష్ నాట్య బాణీల్లో అధికభాగం డి, జి శ్రుతుల్లో ఉంటాయి. డి శ్రుతికి సి షార్ప్ అనే స్వరం తప్పనిసరి, సి-జి వాద్యంలో అది 20 బటన్ల రకానికి లేని మూడో వరుసలోనే దొరుకుతుంది. ఐర్లండ్‌లోని క్లేర్ ప్రాంతపు కాన్సర్టీనా వాదకురాలు ఎలిజబెత్ క్రాటీ (1885-1960) వాదనంలో వినిపించే నాట్యపు ఊపు తిత్తి దిశ మారే క్షణాల నుంచే పుడుతుంది. నొక్కు, లాగు అనేవి అడ్డంకులు కావని ఆ వాదనం వింటే బోధపడుతుంది. కర్ణాటక సంగీతం కోసం దీన్ని కొనదలచినవారు ఒక్క విషయం గమనించాలి: రీడు శ్రుతి స్థిరం, గమకాలు పలకవు.

మన ఊళ్లలో కాన్సర్టీనా బాగుచేసేవారు అరుదు కాబట్టి, మరమ్మతుకు రీడ్ల పని బాగా తెలిసిన హార్మోనియం పనివారిని ఆశ్రయించవచ్చు. నాలుక కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఈ సూత్రం రెండు వాద్యాలకూ ఒకటే. సముద్రతీర ప్రాంతాల్లో ఉక్కు నాలుకలకు తుప్పు పట్టే ప్రమాదం ఉంది గనుక పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు ఉంచాలి. తిత్తిని బటన్లేవీ నొక్కకుండా బలవంతాన మూయకూడదు. కుడి బొటనవేలి దగ్గరున్న గాలి బటన్ ఉన్నది అందుకే. కొనేముందు ప్రతి బటన్‌నూ రెండు దిశల్లోనూ మెల్లగా పలికించి చూడండి. ఆ తరువాత ఒక చేతిపట్టీని పట్టుకొని రెండో కొసను జాగ్రత్తగా కిందికి వేలాడనివ్వండి. బటన్ ఏదీ నొక్కకుండానే తిత్తి గబగబా విచ్చుకుంటే ఎక్కడో గాలి కారుతున్నట్టే, ఆ వాద్యాన్ని తీసుకోవద్దు.