ఫ్లై యాష్ నుంచి తీసిన బొగ్గుపొడి: అద్దకం నీటిలో రెండు బస్తాల అనుభవం

ప్రొద్దుటూరులో నూలుకు రంగులద్దే మా యూనిట్‌లో, తొట్ల నుంచి బయటికి వదిలే నీటి రంగు తీయడానికి ఇన్నేళ్లూ, రంగును పట్టుకునే బొగ్గుపొడి అయిన కొబ్బరి చిప్ప కార్బన్‌నే వాడాము. ఎర్రగుంట్ల వైపు ఒక చిన్న తయారీదారు ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలాక వచ్చే సన్నని బూడిద) నుంచి వేరుచేసిన కార్బన్‌ను సగం ధరకే ఇస్తానంటే రెండు బస్తాలు తెప్పించి నెల రోజులు పరీక్షించాను.

రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట్ల బాయిలర్‌లో పూర్తిగా కాలని బొగ్గు రేణువులు బూడిదతోపాటే బయటపడతాయి. ఆ బూడిదను నీటిలో కలిపి, కొద్దిగా డీజిల్, పైన్ నూనె చేర్చి గాలి బుడగలు పంపితే, నీటికి తడవని బొగ్గు నురగతో పైకి తేలుతుంది. ఆ నురగను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నం, ఇనుము చాలావరకు కరిగిపోతాయి గానీ, సిలికా మాత్రం ఆ ఆమ్లానికి కరగదు. నేను కొంచెం పొడిని మూసలో వేసి ఎర్రగా కాల్చి చూసినప్పుడు మిగిలిన బూడిదలో ఎక్కువ భాగం అదే. కొన్న బరువంతా బొగ్గు కాదన్న సంగతి ధర చూసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

మొదటి బస్తా పొడి వేసిన తొట్టిలో ఎర్ర రంగు గంటలోనే విరిగిపోవడం చూసి ఎంతో సంతోషించాను. తరువాత నీటి ఆమ్లత చూపే పీహెచ్ కాగితం ముంచితే నీరు బాగా పుల్లబడి ఉంది; ఆమ్లంలో నానబెట్టిన పొడిని సరిగా కడగకుండానే ఆరబెట్టి పంపారన్నమాట. మేము వాడే రియాక్టివ్ రంగులకు (నూలుతో రసాయనికంగా బంధపడే రంగులు) రుణావేశం ఉంటుంది కాబట్టి, ఆమ్లపు నీటిలో ధనావేశం పొందే కార్బన్‌కు అవి మరింత గట్టిగా అంటుకుంటాయి. అంటే నేను మెచ్చుకున్న పనిలో కొంత భాగం ఆ మిగులు ఆమ్లానిదే. అదే పొడిని నాలుగుసార్లు కడిగి వాడితే, అంతే రంగు తీయడానికి దాదాపు రెట్టింపు పొడి పట్టింది. ఫిర్యాదు చేశాక వచ్చిన రెండవ బస్తా శుభ్రంగానే ఉంది, పని కూడా కడిగిన పొడి చేసినంతే చేసింది.

పొడి చాలా మెత్తన. పటిక వేసి రాత్రంతా తేర్చకపోతే నల్లనీరే కాలువలోకి పోతుంది. బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం వంటివి ఉండే అవకాశం ఉన్నందున తాగే నీటికి దీనిని ఎవరూ వాడవద్దని గట్టిగా కోరుతున్నాను. ముదురు రంగు నీటికి మొదటి విడతగా దీనిని, చివరి విడతకు కొబ్బరి చిప్ప కార్బన్‌ను వాడితే ఖర్చు కలిసివస్తోంది. ప్రతి బస్తాతో పీహెచ్, బూడిద శాతం రాసిన పరీక్ష కాగితం ఇస్తానని తయారీదారు ఒప్పుకున్నాడు. ఆ కాగితం చూశాకే మూడవ బస్తాకు డబ్బు కడతాను.