చోడిపిండా, గ్లూటెన్-ఫ్రీ ప్యాకెట్టా?

గోధుమ పడనివాళ్లు విజయనగరంలో అడిగే ప్రశ్న ఇది. చోళ్లంటే రాగులు. గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే ప్రొటీన్, అది లేని పిండి ప్యాకెట్టే గ్లూటెన్-ఫ్రీ ప్యాకెట్.

ఖర్చు: చోళ్లు చవక. ప్యాకెట్ ఖరీదెక్కువ.

శ్రమ: చోళ్లు కడిగి, ఎండబెట్టి, మరకి పట్టుకెళ్లాలి. ప్యాకెట్‌కి కత్తెర చాలు.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. మీకంటే ముందు ఎవరైనా గోధుమలు ఆడించి ఉంటే, మరలో మిగిలిన ఆ పిండి మీ డబ్బాలోకే వస్తుంది. గ్లూటెన్-ఫ్రీ అని రాసిన ప్యాకెట్‌లో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. కానీ కొన్నిట్లో పాలపొడి, సోయా ఉంటాయి, వెనకవైపు చదవండి. ఇంగువ డబ్బా కూడా చూడండి, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు.

సీలియాక్ (గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే జబ్బు) అని తేలితే ప్యాకెట్టే నయం. పాలు, సోయా కూడా పడకపోతే చోళ్లు ఏరుకుని ఇంట్లోనే మిక్సీ పట్టుకోండి. పరీక్ష ఇంకా కాలేదా? అప్పటిదాకా గోధుమ మానకండి, మానేస్తే రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు.