రెసిస్టెన్స్ తెలియాలంటే ఓమ్ మీటరా, వోల్టేజీ–కరెంటు లెక్కా?

230 వోల్టుల, 60 వాట్ల ఫిలమెంట్ బల్బును హోల్డర్‌లోంచి తీసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (అంటే ఓమ్ మీటర్‌గా) పెట్టి రెసిస్టెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, కొలవండి. దాదాపు 60, 70 ఓమ్‌లు చూపిస్తుంది. అదే నిజమనుకుని వోల్టేజీ వర్గాన్ని ఆ అంకెతో భాగిస్తే పవర్ 750 వాట్లు దాటిపోతుంది. బల్బు మీద రాసిందేమో 60!

మీటరు తప్పేమీ లేదు, అది చల్లటి ఫిలమెంట్‌ను కొలిచింది. వెలిగే బల్బులో టంగ్‌స్టన్ రెండు వేల డిగ్రీలు దాటి కాగుతుంది, రెసిస్టెన్స్ పది రెట్లకు పైగా పెరుగుతుంది. వెలుగుతుండగా కరెంటు కొలిస్తే 0.26 ఆంపియర్లు. 230ని 0.26తో భాగిస్తే సుమారు 885 ఓమ్‌లు, గుణిస్తే 59.8 వాట్లు. ఇప్పుడు లెక్క కుదిరింది. (పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు మాడతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎగబడుతుంది.)

కాబట్టి పనిచేసేటప్పుడు బాగా వేడెక్కి మారిపోయే వస్తువుకు వోల్టేజీ–కరెంటు లెక్కే మేలు. హీటర్ సంగతి వేరు. అందులోని నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమం) తీగ వేడెక్కినా రెసిస్టెన్స్ పెద్దగా మారదు. 1000 వాట్ల హీటర్‌కు రెండు పద్ధతుల్లోనూ 53 ఓమ్‌ల దగ్గరే వస్తుంది. అలాంటప్పుడు కరెంటు ఉన్న తీగల జోలికి వెళ్లడమెందుకు, ఓమ్ మీటర్ చాలు.

మరీ చిన్న రెసిస్టెన్స్ అయితే ఓమ్ మీటర్ చేతులెత్తేస్తుంది. ప్రోబ్ తీగలకే 0.2 ఓమ్‌లు ఉండొచ్చు, ఇక 0.1 ఓమ్‌ను ఏం కొలుస్తుంది? దాని గుండా 2 ఆంపియర్లు పంపి, వోల్ట్‌మీటర్ ప్రోబ్‌లను సరిగ్గా రెసిస్టర్ కాళ్ల మీదే ఆనిస్తే 0.2 వోల్టులు కనిపిస్తాయి. భాగిస్తే 0.1 ఓమ్, గుణిస్తే 0.4 వాట్లు. వోల్టేజీ, కరెంటు రెండూ చేతిలో ఉన్నాక పవర్ కోసం రెసిస్టెన్స్ మీదుగా చుట్టు తిరిగి రావడం దండగ.

1 మెగా ఓమ్ రెసిస్టర్ దగ్గర కథ తిరగబడుతుంది. 5 వోల్టులిస్తే పారేది 5 మైక్రో ఆంపియర్లే. పైగా 10 మెగా ఓమ్‌ల వోల్ట్‌మీటర్‌ను దాని రెండు కొనలకూ తగిలిస్తే, అది తన వాటాగా మరో అర మైక్రో ఆంపియర్ లాగేస్తుంది. ఆంమీటర్ రెండూ కలిపి 5.5 చూపిస్తుంది, లెక్క 0.91 మెగా ఓమ్ అంటుంది. ఇక్కడ మార్కులు ఓమ్ మీటర్‌కే.

ఏసీ మోటారుకు మాత్రం రెండూ అక్కరకు రావు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది ఒట్టి రెసిస్టెన్స్ కాదు, ఇంపిడెన్స్ (ఏసీకి ఎదురయ్యే మొత్తం అడ్డు). గుణిస్తే వచ్చేది వోల్ట్-ఆంపియర్లు. దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో (వోల్ట్-ఆంపియర్లలో అసలు పవర్ ఎంత వంతో చెప్పే అంకె) కూడా గుణిస్తేనే అసలు వాట్లు, లేదా నేరుగా వాట్‌మీటర్ పెట్టుకోవాలి. వైండింగ్ తెగిందా లేదా చూడటానికైతే ఓమ్ మీటర్ బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఓమ్స్‌లో కొలిచేముందు సప్లై తీసేసి, కెపాసిటర్లను డిశ్చార్జ్ చేయాలి. ఆంమీటర్ ఎప్పుడూ సిరీస్‌లోనే, అంటే కరెంటు దాని గుండానే పారేలా పెట్టాలి. కరెంటు కొలవడం అయిపోగానే ఎర్ర ప్రోబ్‌ను వోల్ట్స్ సాకెట్‌లోకి మార్చేయండి. మరిచి అలాగే వోల్టేజీ కొలవబోతే మీటరే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.