తరిగే ఎర్ర బిళ్ల: పిల్లల కోసం కొన్న టైమర్‌పై ఒక సమీక్ష

గుండ్రటి ముఖం, దాని చుట్టూ అరవై నిమిషాల గుర్తులు, ముల్లు ఉండవలసిన చోట ఒక ఎర్ర బిళ్ల: ఈ టైమర్‌లో చూడడానికి ఉన్నది ఇంతే. మధ్యలో ఉన్న పిడిని ఇరవై దగ్గరికి తిప్పితే ముఖంలో మూడో వంతు ఎర్రగా నిండుతుంది. అక్కడి నుంచి ఆ ఎరుపు అంచు నెమ్మదిగా జరుగుతూ, రంగు పరుచుకున్న మేర తరుగుతూ వచ్చి, సున్నా దగ్గర పూర్తిగా మాయమవుతుంది. అప్పుడు చిన్నగా గంట మోగుతుంది. ఈ ఆలోచన అమెరికాలోని ఒహాయో రాష్ట్రం సిన్సినాటీ నగరానికి చెందిన జాన్ రోజర్స్ అనే ఒక తల్లిది. ఇంకా ఎంతసేపు అని పదే పదే అడిగే తన కూతురి కోసం 1990లలో ఆమె తయారు చేసిన ఈ సాధనం టైమ్ టైమర్ అన్న పేరుతో బజారులోకి వచ్చి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతి గదుల దాకా వెళ్లింది. నేను కొన్నది అసలు సంస్థ సరుకు కాదు, అదే నమూనాలో వేరొకరు చేసినది. కాబట్టి ఇక్కడ రాసే లోపాలు నా చేతిలో ఉన్న ఈ వస్తువుకు సంబంధించినవి మాత్రమే.

మా అమ్మాయి ఒకటో తరగతి చదువుతోంది. వంద దాకా అంకెలు తప్పు లేకుండా చెప్పగలదు, గడియారంలో గంట ముల్లు ఏదో గుర్తు పట్టగలదు. అయినా "ఇంకా ఎంతసేపు నాన్నా?" అన్నప్పుడు "పదిహేను నిమిషాలమ్మా" అని నేనిచ్చే జవాబు ఆమెకు ఏ మాత్రం అందేది కాదు, మరుక్షణమే మళ్లీ అదే ప్రశ్న వేసేది. వాళ్ల నానమ్మ "కాసేపే తల్లీ, కుక్కరు ఇంకో రెండు కూతలు కూసేలోపు అయిపోతుంది" అంటే మాత్రం ఊరుకునేది, ఎందుకంటే కూతలను లెక్కపెట్టుకోవచ్చు, వంటింట్లోకి తొంగి చూడవచ్చు. పిల్లలు కాలాన్ని కంటికో చెవికో ఆనేదాని ద్వారానే తెలుసుకుంటారన్నది తల్లిదండ్రులందరికీ అనుభవమే. దీన్ని పరిశోధనాంశంగా తీసుకుని శ్రద్ధగా పరిశీలించినవాడు స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే.

1928లో దావోస్‌లో జరిగిన సమావేశాల్లో పిల్లలకు కాలం, వేగం అన్న భావనల్లో ఏది ముందు కలుగుతుందని ఐన్‌స్టీన్ పియాజేను అడిగాడు. ఆ ప్రశ్న వెంట సాగిన పరిశోధనల ఫలితం 1946లో పుస్తకంగా వెలువడింది. అందులోని ఒక ప్రయోగం చాలా సరళమైనది. రెండు బొమ్మలు ఒకేసారి బయలుదేరి ఒకేసారి ఆగుతాయి. ఒకటి వేగంగా వెళ్లింది కాబట్టి ఎక్కువ దూరంలో నిలుస్తుంది. ఏది ఎక్కువసేపు నడిచిందని అడిగితే ఐదారేళ్ల పిల్లల్లో చాలామంది దూరం వెళ్లిన బొమ్మనే చూపిస్తారు. రెండూ ఒకే క్షణంలో ఆగడం కళ్లారా చూసి కూడా అదే మాట చెబుతారు. ఆ వయసులో దూరమూ సమయమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీసుకోవడం మెల్లగా వస్తుంది.

పెద్దలమైన మనం పూర్తిగా విడదీసుకున్నామా అంటే, లేదనే చెప్పాలి. డేనియల్ కసశాంటో, లేరా బరడిట్‌స్కీ 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో కంప్యూటర్ తెరపై గీతలు పెరుగుతూ వచ్చి మాయమవుతాయి. గీత ఎంతసేపు కనిపించిందో, లేదా ఎంత పొడవు పెరిగిందో అంచనా కట్టి చూపించాలి. ఒకే నిడివిపాటు కనిపించినా, ఎక్కువ పొడవు పెరిగిన గీత ఎక్కువసేపు ఉన్నట్టు జనం భావించారు. కానీ ఎక్కువసేపు కనిపించినంత మాత్రాన గీతను పొడవైనదిగా ఎవరూ భ్రమపడలేదు. అంటే స్థలం కాలాన్ని లాగుతుంది, కాలం స్థలాన్ని లాగలేదు. 2010లో నత్తల పందెం బొమ్మలు చూపించి గ్రీకు పిల్లలపై చేసిన అధ్యయనంలోనూ ఇదే ఏకపక్ష ధోరణి కనిపించింది. అదే సంవత్సరం రీసస్ కోతులతో చేసిన పోలికలో మాత్రం ప్రభావం రెండు వైపులా సమానంగా తేలడం నాకు ఎంతో ఆసక్తి కలిగించింది. ఈ టైమర్ చేస్తున్న పని, మనుషుల్లో బలంగా ఉన్న ఆ ఒక్క వైపు దారిని వాడుకోవడమే: చూడలేనిదాన్ని చూడగలిగేదానిగా మార్చి పిల్ల ముందు పెడుతుంది. అందుకే ఇది ఆట వస్తువులా కనిపిస్తున్నా, దీని వెనుక ఉన్న సూత్రం గట్టిదని నా నమ్మకం.

గీతకు బదులు నిండిన బిళ్లను ఎంచుకోవడం కూడా సరైన నిర్ణయమే అనిపిస్తుంది. కాలాన్ని కొన్ని భాషలు పొడవుగా, కొన్ని పరిమాణంగా చెబుతాయి. 2004లో ఇంగ్లీషు, గ్రీకు మాట్లాడేవారిని పోల్చినప్పుడు, కాలాన్ని పొడవుతో చెప్పే ఇంగ్లీషువారి సమయపు అంచనాలను తెరపై సాగే గీత ఎక్కువగా తారుమారు చేసింది. కాలాన్ని ఎక్కువ, తక్కువలతో చెప్పే గ్రీకువారి అంచనాలను నిండుతున్న పాత్ర బొమ్మ ఎక్కువగా తారుమారు చేసింది. మన ఇళ్లలో మాటలు రెండో రకానివే: కొంచెంసేపు, చాలాసేపు, బోలెడు టైముంది, ఇక టైము అయిపోయింది. తరుగుతున్న ఎరుపును చూసి మా అమ్మాయి "ఇంకా కొంచెమే మిగిలింది" అనడానికి నేనేమీ నేర్పనక్కరలేకపోయింది, ఆ మాట ఆమె నోట సిద్ధంగా ఉంది. డబ్బాలో బెల్లం ముక్క గురించి ఎలా అంటుందో అలాగే అంది.

వాడకంలో దగ్గరి నుంచి గమనించిన సంగతులు కొన్ని చెబుతాను. బిళ్ల వ్యాసం సుమారు ఏడు సెంటీమీటర్లు. గంటకు పూర్తి చుట్టు కాబట్టి నిమిషానికి ఆరు డిగ్రీలు, అంటే బిళ్ల అంచు దగ్గర నిమిషానికి మూడున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ కదలిక. ఈ వేగం ఎంతో తూకంగా కుదిరింది. కన్నార్పకుండా చూస్తూ కూర్చుంటే కదిలినట్టే తెలియదు. రెండు కూడికలు చేసి తలెత్తితే మాత్రం తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పిల్ల దాన్నే చూస్తూ కూర్చోకుండా ఉండడానికీ, అప్పుడప్పుడు చూసి తృప్తి పడడానికీ ఇదే కారణమని నాకు తోస్తోంది. ఫోన్‌లోని కౌంట్‌డౌన్‌లో సెకన్ల అంకెలు ఎడతెగకుండా మారుతూ ఉంటాయి, వాటి మీది నుంచి పిల్లల కళ్లు కదలవు. పైగా పద్నాలుగు నిమిషాల ముప్ఫై సెకన్లు ఎక్కువో తక్కువో తెలియాలంటే మనసులో లెక్క వేసుకోవాలి.

ఇసుక గడియారం దీనికంటే చవక కదా అని చాలామంది అడుగుతారు. మా ఇంట్లో అది కూడా ఉంది. దానిలో ఒక చిక్కు ఉంది. గాజు పాత్ర కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది, ఇసుక మాత్రం ఒకే ధారగా జారుతుంది. అందువల్ల పై గదిలోని ఇసుక మట్టం మొదట్లో కదలనట్టే ఉండి చివర్లో గబగబా దిగిపోతుంది. సగం ఎత్తు దిగేసరికి సగం కంటే చాలా ఎక్కువ సమయమే గడిచిపోతుందన్నమాట. ఎత్తును చూసి కాలాన్ని అంచనా వేసే పిల్లకు ఇది ప్రతిసారీ తప్పు పాఠం చెబుతుంది, చివరి నిమిషంలో అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది. ఎర్ర బిళ్లకు ఆ దోషం లేదు. మొదటి ఐదు నిమిషాలకు తరిగిన ముక్క, చివరి ఐదు నిమిషాలకు తరిగిన ముక్క ఒకే కొలతవి. ఈ ఒక్క గుణం కోసమైనా నేను దీన్నే ఎంచుకుంటాను.

కొనేముందు తప్పకుండా చూసుకోవలసినది అంచు కదిలే దిశ. జాన్ రోజర్స్ నమూనాలో అంకెలు సున్నా నుంచి ఎడమ వైపుకు పెరుగుతాయి. బిళ్లను గడియారపు ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పి పెట్టాలి. దాని వల్ల ఎరుపు అంచు మాత్రం గోడ గడియారంలోని నిమిషాల ముల్లు తిరిగే వైపే తిరుగుతూ సున్నాను చేరుతుంది. అంకెలను మాత్రం చూసి తలకిందులుగా ఉందనుకున్న కొందరు అనుకరణదారులు వాటిని మామూలు గడియారంలాగా వేసి, కదలికను ఎదురు దిశలో పెట్టారు. అలాంటివి తీసుకోవద్దని నా సలహా. దిశ అలవాటు మీద ఆధారపడేదే, దేవుడిచ్చినదేమీ కాదు. డచ్ పాఠకులకు అద్దంలో కనిపించినట్టు తిరగేసిన అక్షరాలను చదివించినప్పుడు, గతం ఎడమ, భవిష్యత్తు కుడి అన్న వారి అలవాటు కొద్దిసేపట్లోనే తారుమారైందని రాబెర్టో బొత్తీని, కసశాంటో 2014లో చూపించారు. అంత తేలికగా మారే అలవాటును, గడియారం చూడడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు ఒకే గదిలో రెండు రకాలుగా చూపించడం మంచిది కాదు.

ఇప్పుడు దీనికి చేతకాని పని గురించి. ఎంతసేపు అన్నదాన్ని ఇది చక్కగా చూపిస్తుంది, ఎప్పుడు అన్నదాని గురించి ఒక్క ముక్క చెప్పదు. ముందు ఏది, తర్వాత ఏది అన్న వరుస ఇందులో లేదు. గడిచినది తెల్లగా మిగులుతుంది తప్ప, ఆ సమయంలో ఏం చేశామన్న జాడ ఉండదు. "తాతయ్య ఎప్పుడొస్తాడు?" అని అడిగిన పిల్లకు బిళ్ల తిప్పి చూపించలేం. నిడివి, వరుస రెండూ కాలానికి సంబంధించినవే అయినా, మనసు వాటిని స్థలంలో వేర్వేరుగా పరుచుకుంటుంది. వరుస విషయంలో బార్బరా ట్వర్‌స్కీ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధమైనది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చేసే భోజనాల వంటివాటికి కాగితం మీద స్టిక్కర్లు అంటించమంటే, ఇంగ్లీషు చదివే పిల్లలు ఎడమ నుంచి కుడికి, అరబిక్ చదివే పిల్లలు కుడి నుంచి ఎడమకు అంటించే ధోరణి చూపారు. హీబ్రూ పిల్లలు ఈ రెండింటికీ మధ్యలో నిలిచారు. ఆస్ట్రేలియాలోని పోంపురావ్‌లో కూక్ థాయోర్ అనే ఆదివాసీ భాష మాట్లాడేవారైతే తాము ఎటు తిరిగి కూర్చున్నా సరే, కాలక్రమపు బొమ్మలను తూర్పు నుంచి పడమరకు పేరుస్తారని 2010లో బరడిట్‌స్కీ, ఆలిస్ గేబీ నమోదు చేశారు. వరుసను పరచడానికి ఒక దారి, ఒక దిక్కు కావాలి. గుండ్రటి బిళ్ల దాన్ని ఇవ్వలేదు.

అందువల్ల టైమర్ పక్కనే గోడకు ఒక పొడవాటి కాగితం పట్టీ అంటించి, ఆ వారం రోజులను ఎడమ నుంచి కుడికి గళ్లుగా గీసి, తాతయ్య వచ్చే రోజు దగ్గర ఆయన బొమ్మ వేయించాను. పట్టీకి ఖర్చేమీ లేదు, అయినా టైమర్ తీర్చలేని సందేహాలన్నిటినీ తీర్చింది. టైమర్ డబ్బాతో పాటు అలాంటి పట్టీ ఒకటి ఇస్తే తయారీదారులకు పోయేదేమీ లేదు. డబ్బా మీద మాత్రం పిల్లలకు కాలాన్ని నేర్పే సాధనం అని పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు. ఇది నేర్పేది కాలంలో ఒక భాగాన్ని మాత్రమే అని కొనేవారు తెలుసుకోవాలి.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. ఐదు నిమిషాల కంటే తక్కువ సమయానికి ఇది పనికిరాదు, ఎందుకంటే పిడిని తిప్పేటప్పుడు వేలు కాస్త అటూ ఇటూ అయినా అర నిమిషం తేడా వస్తుంది. పళ్లు తోముకోవడానికి రెండు నిమిషాలు పెట్టాలంటే ఇసుక గడియారమే మేలు. పైనున్న ప్లాస్టిక్ మూతపై ట్యూబులైటు వెలుగు పడి, పక్క నుంచి చూసేవారికి ఎరుపు సరిగా కనిపించదు. గంట శబ్దాన్ని ఆపే మీట బ్యాటరీ అరలో దాచినట్టు పెట్టారు.

వీటన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటి పెద్దల వైపు నుంచే ఉండాలి. తరిగిపోతున్న ఎరుపు కొందరు పిల్లలకు ఊరటనిస్తే, కొందరికి కంగారు పుట్టిస్తుంది. చదువుకు, పరీక్షలకు దీన్ని పెట్టి "చూడు, అయిపోతోంది" అని తొందరపెట్టడం మొదలుపెడితే, ఎదురుచూపును తేలిక చేయడానికి పుట్టిన వస్తువు బెదిరింపుగా మారుతుంది. మా ఇంట్లో దీన్ని ఎదురుచూడవలసిన వాటికే వాడుతున్నాం: ఇడ్లీ పాత్ర దించేదాకా, ఆటకు బయలుదేరేదాకా, టీవీ కట్టేసేదాకా. టీవీ విషయంలో ఫలితం నేను ఊహించినదానికంటే బాగుంది. ఆపమని చెప్పేది ఇప్పుడు నేను కాదు, బిళ్ల. దానితో వాదించడానికి ఆమె ప్రయత్నించనే లేదు.

నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి, అంగన్‌వాడీలకు, ఎల్‌కేజీ, యూకేజీ తరగతులకు దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. గడియారం చూడడం బాగా వచ్చిన పిల్లలకు దీని అవసరం అంతగా ఉండదు. మామూలు వంటింటి టైమర్‌తో పోలిస్తే ధర బాగా ఎక్కువ, అనుకరణల్లో కూడా చవకైనవి తక్కువే. తరగతి గదికైతే అరచేతిలో ఇమిడే ఈ చిన్న డబ్బా చాలదు, గది చివరి వరుసకూ కనిపించేంత పెద్ద ముఖం ఉన్నది తీసుకోండి. ఇంటికైతే చిన్నదే చాలు, కానీ దుకాణంలోనే ఒకసారి పది నిమిషాలకు పెట్టి, మీ ఫోన్‌లోని గడియారంతో సరిపోల్చి, అంచు ఏ వైపు తిరుగుతోందో చూసుకుని మరీ డబ్బు చెల్లించండి.